ఏడో బోరు

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, చనిపోయాడు. నేనప్పుడు అనంతపురంలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ఫోనులో చిన్నమ్మ గొంతు మామూలుగానే ఉంది. "మీ చిన్నాయన పోయినాడమ్మా. టీ ఇచ్చి లోపలికి పోయి వచ్చేసరికి కూర్చున్నోడు కూర్చున్నట్లే ఉండాడు. నువ్వు బిన్నా రా," అంది. అమ్మ లేని నన్ను పెంచిన మనిషి. ముందు ఏడుపు రావాలి. రాలేదు. భయం వేసింది. ఇంక ఏడో బోరును ఎవరు వెతుకుతారని.

ఈ మాట మీకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి, మా చేని సంగతి కొంచెం చెప్పాలి.

మాది అనంతపురం నుంచి బత్తలపల్లె పోయే రోడ్డు మీది ఊరు. దాన్ని పల్లె అనాలో టౌను అనాలో మాకే తెలియదు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా బస్టాండులో కాలు పెట్టే సందుండదు. నర్సులు, టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, కోర్టు గుమస్తాలు, నాలాంటి ఆఫీసువాళ్లు, అందరం క్యారియర్లు పట్టుకుని బస్సుల్లోకి, షేర్ ఆటోల్లోకి ఎక్కిపోతాం. మళ్లీ సాయంత్రం ఆరు దాకా ఊరు ముసలివాళ్లది, మేకలది. విడపనకల్లు నుంచి, కంబదూరు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లే ఇప్పుడు సగం మంది. కొత్త వీధుల్లో ఇంటి ముందు కారు ఉంటుంది, వెనక ఎనుము ఉంటుంది. ప్లాటు కొన్నాయన బెంగళూరులో ఉంటే ఆ ప్లాటులో పక్కింటివాళ్లు కంది చల్లుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ కొత్త వీధుల్లో దక్షిణం వైపున్న నాలుగు వీధులు ఒకప్పుడు మా చేను. వేరుశనగ పండేది. పండేదంటే వాన పడ్డ ఏడు పండేది. అది పడటం మానేశాక మా నాయన కూడా అందరిలాగే బోర్ల మీద పడ్డాడు.

బోరు ఎక్కడ వేయాలో చెప్పేది చిన్నాయన. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేవాడు. అడుగున నీళ్లుంటే టెంకాయ లేచి నిలబడుతుందని ఆయన నమ్మకం, ఊరి నమ్మకం కూడా. ఇతరుల చేలలో నాలుగైదు చోట్ల ఆయన చూపించిన తావున నీళ్లు పడ్డాయి. అందుకని చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండి పంపించి పిలిపించుకునేవారు. మా చేలో మాత్రం ఆయన ఆరు తావులు చూపించాడు, ఆరింటిలోనూ దుమ్ము లేచింది. మేమంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఆ తెల్లటి దుమ్ము ఎప్పుడు తడుస్తుందా అని చూసేవాళ్లం. అది పొడిపిండిలా వస్తూనే ఉండేది. నాయన ఒక్కొక్కసారి ఆ దుమ్మును గుప్పిట పట్టి పిసికి చూసేవాడు.

ఇక్కడ మావాళ్లు చేసిన తప్పు ఒకటుంది. మా నాయన ఒక్కడే కాదు, ఈ చుట్టుపట్ల అందరూ చేశారు. బోరు వేసినప్పుడు పైన మట్టి కూలకుండా ఇనుప కేసింగు పైపు దింపుతారు. నీళ్లు పడకపోతే, నీళ్లు లేని బొక్కకు పైపెందుకని, ట్రాక్టరుకు గొలుసు కట్టి దాన్ని పైకి లాగేస్తారు. లాగి తర్వాతి బోరుకు పెడతారు. మా నాయన దగ్గర కేసింగు ఒకటే, బోర్లు మాత్రం ఏడు. పైపు లాగేశాక ఆ బొక్క మూతికి గోనెసంచీ, కంప కుక్కి, మీద బండ కప్పి, నాగలికి తగలనంత మట్టి పోసి మళ్లీ విత్తనం వేసేవాళ్లు. అందరికీ తెలుసు గదా ఎక్కడుందో, అనేవాళ్లు. చేను చేనుగానే ఉంటుందనుకున్నారు. సంచి చివుకుతుందని, కంప మురుగుతుందని, బండ కింద మట్టి కొంచెం కొంచెం జారి జానెడు బొక్క గంపంత అవుతుందని ఎవరూ అనుకోలేదు.

ఆరు తావులు చిన్నాయనకు తెలుసు. ఏడోది తెలియదు. ఆరోది కూడా ఎండిపోయిన రోజు అన్నదమ్ములకు గొడవైంది. "నీ టెంకాయ నా చేనును జల్లెడ చేసిందిరా. ఇంగ నా చేలో కాలు పెట్టొద్దు," అన్నాడు నాయన. చిన్నాయన కంబదూరులో చుట్టాలింటికి వెళ్లిపోయి మూడు రోజులు అక్కడే ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో నాయన ఎక్కడినుంచో బోరుబండి పిలిపించి, తావు తనే చూసుకుని, ఎవరికీ చెప్పకుండా వేయించాడు. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. చిన్నాయన తిరిగొచ్చేసరికి చేనంతా దున్నేసి ఉంది. గట్ల మీది గడ్డికి తెల్లటి దుమ్ము అంటుకుని ఉండటం చూసి, తన అన్న ఏడోది కూడా వేశాడని ఆయన తెలుసుకున్నాడు. ఎక్కడ వేశావన్నా అని అడగడానికి తమ్ముడికి నోరు రాలేదు. చెప్పడానికి అన్నకు మనసు రాలేదు. రెండేళ్లకు నాయన గుండె ఆగి పోయాడు.

తర్వాత ఆ చేను అమ్మింది నేనే. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, సేద్యం చేసేవాళ్లు లేరు. ప్లాట్లు వేసేవాళ్లు వచ్చి అడిగారు, ఇచ్చేశాను. ఒక ప్లాటు మాత్రం ఉంచుకుని మూడో వీధిలో ఇల్లు కట్టుకున్నాను. నేల చదును చేయడానికి డోజరు వచ్చిన రోజు చిన్నాయన వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆపండప్పా! దీంట్లో ఏడు బోర్లు ఉండాయి. ఆరు నేను చూపిస్తా, ఏడోది వెతకల్ల. అంతవరకూ బండి కదిలించొద్దు," అని అరిచాడు. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు కార్లు దిగి ఆయనవైపే చూస్తున్నారు. నేను పరుగున పోయి చెయ్యి పట్టి పక్కకు లాక్కొచ్చాను.

"చిన్నాయనా, గమ్మునుండు. ఈ మాట విన్యారంటే ఒక్క ప్లాటు గూడా పోదు," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపగించుకుంటే బాగుండేది. "సరేలేమ్మా," అన్నాడు. అంతే. డోజరు కదిలింది. గట్లు, గుర్తురాళ్లు, పొదలు అన్నీ గంటలో పోయాయి. ఈ సంగతి ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు. నా పరువు కాపాడి, వెతికే పనంతా తన మీద వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పని అదే. పొద్దున్నే మేము బస్సుకు పరిగెత్తే వేళకు ఆయన గడ్డపార భుజాన వేసుకుని నాలుగు వీధులూ తిరిగేవాడు. ఒక పెద్ద గుండురాయి, హైటెన్షన్ లైను స్తంభం, ఈ రెండే డోజరు కదిలించలేనివి. వాటి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ నడిచేవాడు. గడ్డపార మొద్దువైపు నేలకేసి కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు పిచ్చాయన అనుకున్నారు. నాకూ సిగ్గుగానే ఉండేది. బస్సులో పక్కన కూర్చున్నామె "ఆ పెద్దాయన మీకేమవుతాడు?" అంటే "దూరపు చుట్టం" అన్నాను ఒకసారి.

ఒక్కొక్కటే దొరికాయి. మొదటిది సెప్టిక్ ట్యాంకు తవ్వుతుంటే దొరికింది. తవ్వుతున్న మేస్త్రీ కాలి కింద మట్టి సర్రున జారిపోతే పైకి దూకి కేకలు పెట్టాడు. రెండు వీధిలోనే, ఒకటి ఒక నర్సమ్మ ఇంట్లో కరివేపాకు చెట్టు పక్కన, ఒకటి కంది చల్లిన ఖాళీ ప్లాటులో. ప్రతిదాన్నీ రాళ్లు, గులక పోసి నింపించి, పైన కాంక్రీటు వేయించి, అది గట్టిపడేదాకా కుర్చీ వేసుకుని పక్కనే కూర్చునేవాడు. ఆరోది ఒక బస్సు కండక్టరు ఇంటి మెట్ల కింద. ఆ సంభాషణ నేను స్వయంగా విన్నాను.

"నీ మెట్ల కింద బోరుండాదప్పా. పగలగొట్టి నింపల్ల," అన్నాడు చిన్నాయన.

"ఏం మాట్లాడతాండావు పెద్దాయనా? నేను పూజ చేసి కట్టుకున్న ఇల్లు ఇది!"

"పూజ పైన చేసినావు. బొక్క కింద ఉండాది."

కండక్టరు గేటు వేసేశాడు. చిన్నాయన మర్నాడు మళ్లీ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. పది రోజులు రోజూ వెళ్లి అదే మాట, అదే గొంతుతో చెప్పి వచ్చాడు. పదకొండో రోజు కండక్టరు భార్య తానే సమ్మెట తెప్పించి మెట్లు పగలగొట్టించింది. నిద్ర పట్టక, అంది. కింద బండ సగం విరిగి ఉంది. తర్వాత ఆ ఇంటినుంచి చిన్నాయనకు ప్రతి పండక్కీ ఓళిగలు వచ్చేవి.

ఎవరింట్లోంచి బయలుదేరినా, ఎవరు బయలుదేరినా, "పోయొస్తా" అంటే ఆయన "చూసి తొక్కమ్మా" అనేవాడు. అది ఆయన అలవాటు. మొదట్లో నవ్వుకునేవాళ్లం. కొన్నాళ్లకు మాకు తెలియకుండానే మేమూ కింద చూసి నడవడం మొదలుపెట్టాం. ఆయన భయం నాలుగు వీధులకూ అంటుకుంది. పిల్లలు కొత్త మట్టి కనబడితే కర్రతో పొడిచి చూసేవాళ్లు. రాత్రి పడుకుంటే మంచం కింద నేల ఉందా అని నాకే అనుమానం వచ్చేది. ఏడోది దొరకలేదు. అది ఎవరి వంటింటి కిందైనా ఉండవచ్చు, మా ఇంటి కిందైనా ఉండవచ్చు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం కండక్టరు పాప కనబడలేదు. నాలుగేళ్ల పిల్ల. తల్లి వీధిలోకి వచ్చి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టగానే అందరం బయటికి వచ్చాం. అందరూ ఇళ్లల్లో, మేడల మీద, దొడ్లలో వెతుకుతున్నారు. చిన్నాయన ఒక్కడే ఇళ్ల వైపు చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, నడుం వంచి, నేలను చూస్తూ నడిచాడు. నేను ఆయన వెనకే నడిచాను. మేమిద్దరమే వేరే చోట వెతుకుతున్నామని మా ఇద్దరికీ తెలుసు. ఇంకొక ఖాళీ ప్లాటులో కందిచెట్ల మధ్య ఒకచోట మట్టి కొంచెం కుంగినట్లుంది. ఆయన అక్కడ బోర్లా పడుకుని, చెవి నేలకానించి, "పాపా... పాపా..." అని నేలలోకి పిలిచాడు. ఆ గొంతు నేను చచ్చేదాకా మరిచిపోను.

పాప స్కూలు వ్యానులో వెనక సీటు కింద నిద్రపోతూ దొరికింది. వ్యాను వాళ్ల ఇంటి పక్కనే నిలబెట్టి ఉంది. అందరూ నవ్వుతూ, తిడుతూ, ముద్దులు పెడుతూ ఇళ్లకు పోయారు. చిన్నాయన కందిచెట్ల మధ్యే కూర్చుని ఉన్నాడు. పంచె తడిసింది. నేను చూడనట్లు నటించాను.

"ఏడోది నీది గాదు గదా చిన్నాయనా. నువ్వేంటికి ఇంత అవస్థ పడతావు?" అన్నాను.

"ఆరు నేను చూపిచ్చినా, ఆరూ అబద్ధమైనాయి. దాంతోనే మీ నాయనకు కోపమొచ్చి ఏడోది వేసినాడు. అదీ నాదేమ్మా," అన్నాడు. లేస్తూ, "మనిషి పోయినా బొక్క పోదు," అన్నాడు.

ఆ రోజే నేను కండక్టరు భార్య దగ్గరకు వెళ్లి నిజం చెప్పాల్సింది. ఆయన్ను ఆ రోజు డోజరు ముందు నుంచి లాక్కొచ్చింది నేనేనని. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇది చదివి ఆమె నా ముఖం చూడకపోయినా నేనేమీ అనుకోను.

చివరి ఏడాది ఆయనకు మోకాళ్లు పోయాయి. గడ్డపార ఎత్తలేకపోయాడు. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని, నేను సాయంత్రం బస్సు దిగి వచ్చేవేళకు ఎదురుచూసేవాడు. "మూడో వీధిలో యాడన్నా మన్ను దిగిండాదా? చూసినావా?" అని అడిగేవాడు. నేను రోజంతా ఫైళ్లతో పోట్లాడి, నిలబడి ప్రయాణం చేసి వచ్చినదాన్ని. "చూసినా చిన్నాయనా, ఏం ల్యా," అనేదాన్ని. చాలా రోజులు చూడకుండానే అన్నాను. ఆయనకు అది తెలుసనుకుంటాను. అయినా, "మంచిదమ్మా. దొరుకుతుందిలే," అనేవాడు.

ఆయన్ను సొంత చేలో, అంటే ఇంకా ప్లాట్లు కాని ఆయన అరెకరంలో పూడ్చిపెట్టాం. గుంత తీస్తున్నవాళ్ల దగ్గరకు చిన్నమ్మ వెళ్లి, "అడుగున గట్టిగా ఉండాదా చూడండప్పా. ఈయప్పకు అదొకటే భయం," అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. గుంత తీసే మనిషి మాత్రం నవ్వలేదు. లోపలికి దిగి, నాలుగు మూలలా ఎగిరెగిరి తొక్కి, "గట్టిగా ఉండాదమ్మా, సిమెంటు మాదిరి," అని చెప్పాడు. చిన్నమ్మ అప్పుడు పక్కకు తిరిగి ఏడ్చింది.

ఐదో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. తుపాను అన్నారు. వాన కోసం మొక్కుకునే ఊరిలో పుట్టినదాన్ని. చినుకు పడితే చేయి బయటపెట్టి తడుపుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ రోజు మాత్రం చేయి బయటపెట్టలేదు. మూడు గంటలు కుండపోతగా కురిసింది. మా వీధులకింకా సిమెంటు పడలేదు. వీధి మొత్తం ఎర్రటి నీళ్లు. ఈ జిల్లా పిల్లలకు అంత నీళ్లు కనబడటమే పండగ, అందరూ గేట్లు తీసుకుని వీధిలోకి వచ్చేశారు.

నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. నీళ్లు పైనుంచి పల్లానికి, రోడ్డు పక్క కాలువలోకి పోవాలి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల, వీధి మధ్యలో, అవి ముందుకు పోవడం లేదు. పై నుంచి వచ్చే నీళ్లు అక్కడికే వస్తున్నాయి, పక్కల నుంచి వచ్చేవీ అక్కడికే వస్తున్నాయి. వచ్చినవి కనబడటం లేదు. ఆ తావున బుడగలు పైకి వస్తున్నాయి. ఒక పిల్ల తన చెప్పు అక్కడ వదిలితే అది రెండు చుట్లు తిరిగి మునిగిపోయింది. పిల్లలంతా కేరింతలు కొట్టారు. ఆ పిల్ల చెప్పు కోసం వంగింది.

నేను ఎలా పరిగెత్తానో తెలియదు. ఆ పిల్ల జుట్టు దొరికింది, జుట్టు పట్టుకునే వెనక్కి లాగాను. మేమిద్దరం బురదలో వెల్లకిలా పడ్డాం. మా కాళ్ల ముందు నేల మెత్తగా, చప్పుడు లేకుండా లోపలికి జారింది. గంపంత బొక్క. చుట్టూ నీళ్లు అంచు మీదుగా దూకుతున్నాయి.

అరిచాను. అందరూ వచ్చారు. కండక్టరు, నర్సమ్మ, మేడల మీదివాళ్లు, ఎవరెవరో. మంచాలు, గేటు పలకలు తెచ్చి చుట్టూ అడ్డం పెట్టారు. చిన్నమ్మ వానలో తడుస్తూ వచ్చి, ఎవరు ఆపినా ఆగకుండా అంచు దాకా పోయి కూర్చుని తొంగి చూసింది. మా నాయన ఒక్క చుక్క కోసం తవ్వించిన బొక్క వీధిలో నీళ్లన్నీ తాగుతోంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఐదు రోజులుగా రానిదంతా వచ్చింది. "దొరికింది చిన్నమ్మా. ఏడోది దొరికింది. ఇంగ భయం ల్యా," అన్నాను.

చిన్నమ్మ లేచి నిలబడింది. ముఖం మీది నీళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"మీ చిన్నాయన కంబదూరులో మూడు దినాలుండె. బండి వచ్చిందంటే దినానికి ఒకటి వేస్తుంది. మీ నాయన ఆ మూడు దినాల్లో ఒకటే వేసినాడని ఎవరు చెప్పినారమ్మా?" అంది.

వాన పడుతూనే ఉంది. వీధిలో ఉన్నవాళ్లందరూ కాలు కదపకుండా, ఎక్కడివాళ్లక్కడే, పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని, తమ పాదాలను ముంచేసిన ఎర్రటి నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు.